చక్రానికి నాడి చూసే ఊరు

రోడ్డు మీద లారీ పోతుంటే మనకు కనిపించేవి దాని లోడు, ఒంటి మీది రంగులు, వెనక రాసుకున్న సూక్తులు. కనిపించనిది చక్రం మధ్యలో తిరిగే గుప్పెడు ఉక్కు. అది అరిగితే ఏమవుతుందో, అరిగినదాన్ని మళ్లీ ఎలా నిలబెడతారో తెలియాలంటే బెజవాడ ఆటోనగర్‌లో ఒక్క రోజు గడపాలి.

తెల్లవారుజామున ఐదున్నర. బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర టీ బండ్లు అప్పటికే పొగలు కక్కుతున్నాయి. లుంగీ ఎగ్గట్టిన డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని ఊదుకుంటూ తాగుతున్నారు. ఒకరిది చెన్నై నుంచి వచ్చిన బండి, ఇంకొకరిది ఒడిశా పోవాల్సినది. గేటు దాటి నాలుగడుగులు లోపలికి వేస్తే గాలి వాసనే మారిపోతుంది. కాలిన డీజిలు, గ్రీజు, వెల్డింగు పొగ, కొత్తగా వేసిన పెయింటు... అన్నీ కలిసిన వాసన అది. ఎనిమిదయ్యేసరికి సుత్తి చప్పుళ్లు మొదలవుతాయి. ఇక రాత్రి దాకా ఆగవు.

జవహర్ ఆటోనగర్ అన్నది దీని పూర్తి పేరు. చెన్నై - కోల్‌కతా దారి అయిన 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాద్ నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు రహదారి కలిసే బెంజి సర్కిల్ ఇక్కడికి కూతవేటు దూరమే. దక్షిణాది నుంచి ఉత్తరాదికి, తీరం నుంచి లోపలి జిల్లాలకు సరుకు ఏది కదిలినా ఈ కూడలిని తాకక తప్పదు. లారీలు ఎక్కడ ఆగితే మెకానిక్కు అక్కడ పుడతాడు. ఊరి మధ్య రోడ్ల పక్కన పెరిగిన షెడ్లకు 1960ల్లో ఊరి అంచున ఒక చోటు చూపించారు. ఆ చోటే ఇంతై, ఇంతింతై ఇవాళ ఓ చిన్నపాటి పట్నమయింది. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్... తెలుగునాట ఇంకా ఎన్నో ఊళ్లలో ఆటోనగర్లు ఉన్నాయి. అయినా లారీ వాళ్ల నోట ఉత్తి ‘ఆటోనగర్’ అన్న మాట వస్తే అది బెజవాడదే!

ఒక్కో సందుకు ఒక్కో విద్య

ఈ పట్నంలో పెద్దాసుపత్రిలాగే ఒక్కో జబ్బుకు ఒక్కో వైద్యుడు. ఒక షెడ్డులో రేడియేటర్లే చూస్తారు. పక్కదానిలో కమాను కట్టలు మాత్రమే. ఆ ఎదురుగా లేత్ మిషన్లు. ఇంకో సందులో మొత్తం బాడీ బిల్డింగే. ఉత్త ఛాసిస్‌గా వచ్చిన బండికి చెక్క, రేకు తొడిగి లారీ చేసి పంపిస్తారు. టార్పాలిన్లు కుట్టేవాళ్లు, నంబరు ప్లేట్లు రాసేవాళ్లు, పాత టైర్లు కొనేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు... ఎవరి పని వారిదే. ఇందరిలో ‘ముందు యాక్సిల్ మేస్త్రి’ది ప్రత్యేకమైన చోటు. ఇంజను ఆగిపోతే బండి రోడ్డు పక్కన నిలబడుతుంది. అంతకుమించి పెద్దగా ఏమీ కాదు. ముందు చక్రం, స్టీరింగు మాట వినకపోతే మాత్రం బండి ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

అలాంటి ఒక షెడ్డు ముందుకు మే నెల ఎండలో ఒక పాత ఆరు టైర్ల లారీ వచ్చి ఆగింది. టాటా 1613. లారీ భాషలో ఆ అంకెలకు అర్థముంది. లోడుతో కలిపి 16 టన్నుల బరువు, 130 హార్స్‌పవర్ బలం. వయసు ఇరవై దాటింది. ఓనరూ డ్రైవరూ ఒక్కరే. యాభై అయిదు దాటిన మనిషి. ఆ సాయంత్రమే నున్న మామిడి మార్కెట్టులో ఆయనకు లోడు ఖాయమైంది. బంగినపల్లి కాయ నాగపూర్ చేర్చాలి. మామిడి సీజను ఏడాదికి రెండు మూడు నెలలే. ఆ కిరాయిలు పోతే మిగతా ఏడాదంతా లెక్క తప్పుతుంది.

‘‘మేస్త్రిగారూ, స్టీరింగు కొంచెం ఆడుతోంది. బాక్సు బోల్టు ఒక పట్టు బిగించి ఇవ్వండి, పోతాను’’ అన్నాడాయన.

మేస్త్రి బోల్టు జోలికి పోలేదు. ముందు ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు అంచును అరచేత్తో నిమిరాడు. లోపలి అంచు నున్నగా అరిగింది. బయటి అంచు మీద గీతలు ఇంకా ఉన్నాయి. తర్వాత హబ్బు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. వెంటనే తీసేశాడు. కుడి చక్రం హబ్బు గోరువెచ్చగా ఉంది. ఎడమది కాలుతోంది.

‘‘బాబాయ్, ఎన్నాళ్ల నుంచి మోత వస్తోంది?’’

ఓనరు కాసేపు మాట్లాడలేదు. ‘‘నెల నుంచి. స్పీడు పెంచితే ఊ... అని మూలుగుతోంది. టైరు మోత అనుకున్నా.’’

నాడి దొరికిందిలా...

వైద్యుడు మణికట్టు పట్టుకున్నట్టే మేస్త్రి చక్రాన్ని పట్టుకుంటాడు. దానికో పద్ధతి ఉంది. వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద ఇనుప స్టాండు ఆనిస్తారు. జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద దూరడం ఇక్కడ పెద్ద తప్పు. చక్రం గాల్లోకి లేచాక కుర్రాడొకడు టైరు పైఅంచు ఒక చేత్తో, కింది అంచు ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపుతాడు. ‘టక్... టక్’మని కదిలిందా, ఎక్కడో ఆట ఉన్నట్టే. ఆట అంటే రెండు భాగాల మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువగా వచ్చిన సందు.

ఆ సందు ఎక్కడ వచ్చిందన్నదే అసలు ప్రశ్న. చక్రం లోపలి బేరింగులు అరిగినా ఇలాగే ఊగుతుంది. చక్రాన్ని కుడికీ ఎడమకూ తిప్పే కీలు, అంటే కింగ్ పిన్ను అరిగినా ఇలాగే ఊగుతుంది. రెండింటినీ విడదీసే కిటుకు చాలా తేలిక. ఒకరు క్యాబినెక్కి బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు బ్రేకు డ్రమ్ము, స్టబ్ యాక్సిలు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఊపితే ఆట మాయమైందంటే తప్పు బేరింగుది. అప్పటికీ ఊగుతోందంటే కింగ్ పిన్నుది.

ఈ బండికి బ్రేకు తొక్కితే ఆట సగం తగ్గింది. సగం మిగిలింది. అంటే బేరింగూ పోయింది, కింగ్ పిన్ను బుష్షులూ పోయాయి.

మూడో పరీక్షకు కళ్లతో పని లేదు. మేస్త్రి ఒక చెయ్యి కమాను కట్ట మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పాడు. మంచి బేరింగయితే ఏమీ తెలియదు. నీళ్లలో తిరిగినట్టు మెత్తగా తిరుగుతుంది. పాడైన బేరింగు తిరిగితే బియ్యంలో రాళ్లున్నట్టు గరగరమని కమాను కట్ట ద్వారా అరచేతికి తెలుస్తుంది. ఆఖరుగా ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, మేస్త్రి కింద పడుకుని టై రాడ్డు చివరలనూ, స్టీరింగు బాక్సు నుంచి వచ్చే డ్రాగ్ లింకు కీళ్లనూ ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని చూశాడు. టై రాడ్డు ఎడమ చివర ఆయన వేళ్ల మధ్య ‘కిటుక్’ మంది.

‘‘బాక్సులో తప్పేం లేదు బాబాయ్. నువ్వన్నట్టు బోల్టు బిగిస్తే స్టీరింగు బిగుసుకుంటుంది. జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.’’

ఇది లారీ వాళ్లలో చాలామంది చేసే పొరపాటే. స్టీరింగు ఆడగానే బాక్సు మీదున్న సర్దుబాటు స్క్రూను తిప్పేస్తారు. ఆట తగ్గినట్టే అనిపిస్తుంది. కానీ అవసరానికి మించి బిగిసిన బాక్సులో గేర్లు ఒరుసుకుని త్వరగా అరుగుతాయి. మలుపు తిప్పాక చక్రం తనంతట తాను తిన్నగా రావడం మానేస్తుంది. అందుకే మిగతా కీళ్లన్నీ బాగు చేశాకే బాక్సు సంగతి చూడాలన్నది ఇక్కడి నియమం.

నీలం రంగు చెప్పిన నిజం

సాయంత్రం లోడు. ఇప్పుడు విప్పితే ఇవాళ బండి కదలదు. ఓనరు టీ బండి దాకా వెళ్లి వచ్చాడు. మార్కెట్టుకు ఫోను చేశాడు. రేపటి దాకా ఆగుతారా అంటే, కోసిన కాయ ఆగదు అన్నారు. అదీ నిజమే. ఇంకో బండికి లోడు ఇచ్చేస్తామన్నారు.

‘‘ఈ ఒక్క ట్రిప్పు వేసి వచ్చి చేయించుకుంటాను మేస్త్రిగారూ. మెల్లగా పోతాను.’’

మేస్త్రి అవుననలేదు, కాదనలేదు. ‘‘హబ్బు విప్పుదాం. లోపల చూసి నువ్వే చెప్పు’’ అన్నాడు.

చక్రం నట్లు ముందే వదులు చేసి ఉంచారు. టైరు వచ్చేసింది. గ్రీజు క్యాపు తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, యాక్సిలు నట్టు విప్పారు. బయటి బేరింగు చేతిలోకి వచ్చింది. ఇద్దరు పట్టి హబ్బును డ్రమ్ముతో సహా ముందుకు లాగారు. దాంతో లోపలి బేరింగూ, ఆయిల్ సీలూ వచ్చాయి. గ్రీజు తేనె రంగులో ఉండాలి. ఇది నల్లగా కాలిన బెల్లం పాకంలా ఉంది. కుర్రాడు వేలితో కొంచెం తీసి ఎండలో రుద్దాడు. సన్నటి ఉక్కు రజను తళుక్కుమంది. ఆ రజనంతా బేరింగు ఒంటి నుంచి రాలిందే.

కిరసనాయిలులో కడిగాక అసలు సంగతి బయటపడింది. బేరింగులో వరుసగా ఉండే ఉక్కు రోలర్లలో నాలుగింటి మీద చర్మం లేచినట్టు పెచ్చులూడాయి. అవి దొర్లే లోపలి రింగు మీద ఒక పక్క నీలం రంగు దిగింది. ఉక్కు నీలమయిందంటే విపరీతంగా వేడెక్కి గట్టితనం పోగొట్టుకుందని అర్థం. ఆ స్థితిలో బేరింగు ఎన్ని కిలోమీటర్లు మోస్తుందో మెకానిక్కూ చెప్పలేడు, దాన్ని తయారుచేసిన కంపెనీ ఇంజినీరూ చెప్పలేడు. మోసినంతసేపు మోసి, ఒకచోట రోలర్లు అడ్డం పడి పట్టేస్తాయి. అప్పుడు హబ్బు ఇరుసుకు అంటుకుని రాజుకుంటుంది. లేదంటే నట్టు తెగి చక్రమే ఊడి వస్తుంది. నిండు లోడు బండి నుంచి ఊడిన చక్రం రోడ్డు మీద ఎవరికి ఎదురుపడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఓనరు ఆ బేరింగును చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. నెల రోజులుగా దీని మీదే ఆయన తిరిగాడు. రెండుసార్లు కొడుకునూ పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాడు. తర్వాత మార్కెట్టుకు మళ్లీ ఫోను చేసి, లోడు వేరే బండికి ఇవ్వమని చెప్పేశాడు.

కందెన నుంచి బేరింగు దాకా

చక్రం ఇరుసు మీద తిరిగేటప్పుడు పుట్టే రాపిడితో మనిషి పోరాటం నిన్నమొన్నటిది కాదు. మన ఎడ్లబండ్ల కింద కందెన గొట్టం వేలాడుతూ ఉండేది. ఆముదంలో గడ్డి బూడిద కలిపిన ఆ కందెన ఇరుసుకు పూయకపోతే బండి కీచుమనేది, ఎద్దు అలిసిపోయేది. అప్పటి వేగానికి అది చాలింది.

బరువు పెరిగి, వేగం పెరిగాక కొత్త ఉపాయం కావాల్సి వచ్చింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో గుర్రబ్బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో టేపర్ రోలర్ బేరింగుకు పేటెంటు పొందాడు. బండి తిన్నగా పోతున్నప్పుడు చక్రం మీద పడేది పైనుంచి కిందికి బరువు. మలుపు తిరిగేటప్పుడు పక్క నుంచి తోసే బలం కూడా తోడవుతుంది. టిమ్‌కెన్ రోలర్లను నిలువు గొట్టాల్లా కాకుండా ఒక వైపు సన్నగా, మరోవైపు లావుగా ఉండేలా మలిచి ఏటవాలుగా అమర్చాడు. దాంతో ఒకే బేరింగు రెండు బలాలనూ మోయగలిగింది. నూట పాతికేళ్లు దాటినా లారీ హబ్బులో ఉన్నది ఆ ఉపాయమే. ఒక్కో ముందు చక్రంలో అలాంటివి రెండు. లోపల పెద్దది, బయట చిన్నది, ఎదురెదురుగా.

అవి పడే పాట్లు లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. లారీకి వాడే 10.00-20 సైజు టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 3.2 మీటర్లు ముందుకు పోతుంది. అంటే కిలోమీటరుకు 300 పైచిలుకు చుట్లు. లక్ష కిలోమీటర్లకు మూడు కోట్ల చుట్లు! ముందు ఇరుసు మీద ఆరు టన్నుల దాకా బరువు మోస్తూ, గుంతల్లో దెబ్బలు తింటూ, వానలో తడుస్తూ అన్ని చుట్లు తిరగాలి. దానికి అది అడిగేది మంచి గ్రీజు, చెడని సీలు, సరైన బిగింపు. అంతే!

నీళ్లు దూరితే మాత్రం కథ మారిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. అలా మునిగిన బండి ఇంజను స్టార్టయినంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కాదు. హబ్బులోకి నీరు చేరితే గ్రీజు మజ్జిగలా తెల్లబడుతుంది. బేరింగు లోపలి నుంచి తుప్పు పట్టడం మొదలవుతుంది. ఆ మోత నెలల తర్వాత గానీ చెవిన పడదు.

డబ్బా చూసి మోసపోవద్దు

మధ్యాహ్నానికి స్పేర్ పార్టుల దుకాణాల వీధికి ప్రయాణం. బేరింగు మీద చెక్కిన నంబరే దాని పేరు. పాతదాన్ని బల్ల మీద పెడితే దుకాణదారు నంబరు చదివి లోపల్నుంచి మూడు డబ్బాలు తెస్తాడు. మూడు ధరలు. వాటిలో బాగా చవకదాని డబ్బా కూడా చూడటానికి ముచ్చటగానే ఉంటుంది.

నకిలీ బేరింగుల బెడద దేశమంతా ఉన్నదే. పైకి మెరుపు ఒకటే. తేడా లోపలి ఉక్కులో, దాన్ని కాల్చి చల్లార్చిన పద్ధతిలో ఉంటుంది. చేత్తో చూస్తే తెలిసేది కాదు. అందుకే అనుభవమున్న మేస్త్రి ధరకంటే ముందు బిల్లు అడుగుతాడు. అక్షరాలు రుద్దుడుకు చెరిగిపోతున్నాయా, నంబరు డబ్బా మీదా బేరింగు మీదా ఒకటేనా, ప్యాకింగు నూనె కాగితం సరిగా ఉందా అని చూస్తాడు. కొన్ని కంపెనీల డబ్బా మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంటోంది. ఫోనుతో చూసుకోవచ్చు.

ఇంకో ఆశ కూడా ఉంటుంది. ‘లోపలి కోను ఒక్కటే మారిస్తే చాలదా? హబ్బులోని కప్పు బాగానే ఉందిగా!’ చాలదు. కప్పూ, కోనూ మొగుడూ పెళ్లాల్లాంటివి. పాత కప్పు మీద కొత్త రోలర్లు దొర్లితే కప్పు మీది గుంటలు రోలర్లకు అంటుకుంటాయి. జత మార్చాల్సిందే. అలాగే ఎడమ చక్రం కింగ్ పిన్ను అరిగిందంటే కుడిదీ అన్నే కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. ఈ బండికి కుడి బేరింగులు కడిగి చూస్తే బాగున్నాయి. వాటికి కొత్త గ్రీజు, కొత్త సీలు చాలన్నాడు మేస్త్రి. కింగ్ పిన్నులు మాత్రం రెండు పక్కలా మార్చాలన్నాడు. ఏది మార్చాలో చెప్పడమే కాదు, ఏది మార్చక్కర్లేదో చెప్పడం కూడా మేస్త్రి నిజాయతీకి గుర్తు. ఆటోనగర్‌లో షెడ్డుకు పేరొచ్చేది అక్కడే.

సుత్తి దెబ్బా, వేలి స్పర్శా

తిరిగొచ్చేసరికి కింగ్ పిన్నుతో కుస్తీ నడుస్తోంది. ఇరుసు చివరా, స్టబ్ యాక్సిలుకూ మధ్య తలుపు బందులాగా నిలువుగా దిగి ఉండే లావుపాటి ఉక్కు కడ్డీ అది. ఏళ్ల తరబడి గ్రీజు అందక తుప్పుతో పట్టేసింది. దాన్ని పట్టి ఉంచే అడ్డ పిన్నును ముందు తీసి, తుప్పు వదిలే నూనె పోసి గంట సేపు వదిలేశారు. తర్వాత పెద్ద సుత్తితో ఇద్దరు వంతులేసుకుని కొట్టారు. పదిహేనో దెబ్బకో, ఇరవయ్యో దెబ్బకో ‘ఖణేల్’మన్న చప్పుడు ‘ధబ్’మని మారింది. ‘‘కదిలింది’’ అన్నాడు మేస్త్రి చూడకుండానే.

అక్కడి నుంచి పని మొత్తం తీరు మారుతుంది. సుత్తి పక్కకు పోతుంది. కొత్త బుష్షులు దిగేటప్పుడు బుష్షు మీది రంధ్రం గ్రీజు నిపుల్ రంధ్రానికి సరిగ్గా ఎదురు రావాలి. తప్పితే ఇక ఎంత గ్రీజు కొట్టినా లోపలికి పోదు. పాత బుష్షు త్వరగా పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. బుష్షు దిగాక రీమరుతో లోపల సన్నగా చెక్కుతారు. రెండు తిప్పులు తిప్పడం, పిన్ను పెట్టి చూడటం, మళ్లీ అర తిప్పు. సుత్తితో కొట్టకుండా బొటనవేలితో నొక్కితే పిన్ను మెల్లగా జారాలి. వదిలితే జారిపడకూడదు. కొలత సరిపోయిందంటే అదే గుర్తు. బరువు మోసే థ్రస్టు బేరింగు కింద పెట్టి, పైన మిగిలిన సందులో పలచటి షిమ్ములు వేస్తారు. గ్రీజు కొట్టేటప్పుడు కూడా ఇరుసు జాకీ మీదే ఉండాలి. బరువు దిగితే సందు మూసుకుపోయి గ్రీజు అసలు చోటుకు చేరదు.

బేరింగుకు గ్రీజు పెట్టడం ఐటీఐ చదివి వచ్చిన కుర్రాడి వంతు. పైపైన పూస్తే మేస్త్రి ఊరుకోడు. అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు తీసుకుని, బేరింగు లావు అంచును దానికి అద్ది నొక్కుతూ పోవాలి. అవతలి సన్న అంచు నుంచి రోలర్ల మధ్య గ్రీజు పైకి తొంగిచూసేదాకా నొక్కాలి. అలా చుట్టూ తిప్పాలి. ఎక్కువ పెడితే మంచిదేగా అని హబ్బు నిండా కుక్కితే అదీ తప్పే. కదలడానికి చోటు లేని గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది.

తల వెంట్రుకంత సందు

హబ్బు ఎక్కింది. ఇప్పుడు రోజంతా చేసిన పనిలోకెల్లా చిన్నది, అన్నిటికంటే ముఖ్యమైనది మిగిలింది. యాక్సిలు నట్టు బిగింపు.

బలం కొద్దీ బిగిస్తే కొత్త బేరింగు రెండో రోజుకే నీలమవుతుంది. వదులుగా వదిలేస్తే రోలర్లు కొట్టుకుని పెచ్చులూడతాయి. భారీ వాహనాల చక్రాలకు ఉండాల్సిన సందు మిల్లీమీటరులో 0.025 నుంచి 0.125 వంతు దాకా అని సాంకేతిక ప్రమాణాలు చెబుతాయి. మన తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. అంటే ఆరు టన్నులు మోసే ఇరుసు దగ్గర వెంట్రుకంత సందు మిగల్చాలి!

మేస్త్రి చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూనే రెండో చేత్తో నట్టు బిగించాడు. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ చోట్లో సర్దుకోవు. చక్రం బరువుగా తిరగడం మొదలయ్యాక ఆగాడు. నట్టును కొద్దిగా వెనక్కి వదిలాడు. టైరు పట్టి ఊపాడు. డయల్ గేజీ ముల్లు పెట్టి చూశాడు. నట్టు గాడిలో కొత్త స్ప్లిట్ పిన్ను దూర్చి కాళ్లు మడిచాడు. పాత పిన్ను బాగానే ఉందిగా అని ఎవరూ అడగరు. పది రూపాయల పిన్నే ఆ చక్రానికి కాపలా.

ఇక టై రాడ్డు. పాత చివరను విప్పేటప్పుడే ఎన్ని మరలు తిరిగిందో కుర్రాడు లెక్కపెట్టి సుద్దముక్కతో ఛాసిస్ మీద రాసుకున్నాడు. కొత్తదాన్ని అన్నే మరలు ఎక్కించారు. ఆ తర్వాత రెండు ముందు టైర్ల మధ్య దూరం ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత అని కొలిచారు. ముందు వైపు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉంటే చాలు. దీన్నే టో-ఇన్ అంటారు. ఆ తేడా పది మిల్లీమీటర్లయితే? మీటరు అడ్డకొలత ఉన్న చక్రం మీద లెక్క తేలికే. కిలోమీటరుకు ఒక్కో టైరు సుమారు ఐదు మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. బెజవాడ నుంచి హైదరాబాద్ చేరేసరికి కిలోమీటరుకు పైనే! టైరు అంచు నున్నగా అరిగిపోవడానికి ఇదీ ఒక కారణమే.

పాత బండి, కొత్త లెక్కలు

ఇంత చాకిరీ ఇరవయ్యేళ్లు దాటిన బండికి అవసరమా అన్న ప్రశ్న ఈమధ్య ఆటోనగర్‌లో తరచుగా వినిపిస్తోంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. 2021లో వచ్చిన తుక్కు విధానం తర్వాత, 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాల ఫిట్‌నెస్ ఫీజులు బాగా పెరిగాయి. యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు వస్తున్నాయి. అక్కడ స్టీరింగు కీళ్ల ఆటనూ, చక్రం పక్కకు జారడాన్నీ మిషనే కొలుస్తుంది. మొహమాటాలకు తావుండదు. ఒక రకంగా ఇది మంచికే. మేస్త్రి చెయ్యి చెప్పే మాటే రేపు మిషనూ చెబుతుంది.

కొత్త బండ్లు కూడా మారాయి. పవర్ స్టీరింగు మామూలయింది. విప్పి గ్రీజు పెట్టే పని లేకుండా సీలు చేసి వచ్చే బేరింగులు వాడకంలోకి వచ్చాయి. పోతే మొత్తంగా మార్చేయడమే. చెవితో, అరచేతితో జబ్బు కనిపెట్టే విద్యకు రేపు ఎంత గిరాకీ ఉంటుందోనన్న దిగులు షెడ్లలో ఉంది. కానీ కొత్త లారీ కొనాలంటే లక్షల్లో అప్పు. ఒక్క బండి మీద బతికే ఓనరు కమ్ డ్రైవరుకు పాత బండే పొలం, అదే ఇల్లు. అలాంటివాళ్లు ఉన్నన్నాళ్లు ఆ బండిని రోడ్డు మీద నమ్మకంగా నిలబెట్టే చేతులు కావాలి. ఆ చేతుల అవసరం ఓనరుకు ఎంతుందో, ఎదురుగా స్కూటరు మీద పిల్లల్ని ఎక్కించుకుని వచ్చేవాడికీ అంతే ఉంది.

రాత్రి ఎనిమిదిన్నర. బండి జాకీ దిగింది. ఓనరు దుకాణానికి పోయి నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టి తొక్కించాడు. ఇంద్రకీలాద్రి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని స్టీరింగు పట్టాడు. పక్కన మేస్త్రి ఎక్కాడు. రామవరప్పాడు రింగు దాకా వెళ్లి తిరిగొచ్చారు. మోత లేదు. స్టీరింగు వదిలితే బండి గీత గీసినట్టు తిన్నగా పోయింది.

షెడ్డు ముందు ఆగగానే మేస్త్రి దిగి ఎడమ హబ్బు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించాడు. ఈసారి తియ్యలేదు. అలాగే ఉంచి, ‘‘నువ్వూ పెట్టి చూడు బాబాయ్’’ అన్నాడు. ఓనరు వంగి తన చెయ్యీ ఆనించాడు. గోరువెచ్చగా ఉంది.

‘‘వంద కిలోమీటర్లు పోయాక మళ్లీ ఇలాగే చెయ్యి పెట్టు. నట్లు ఒకసారి చూసుకో. కాలితే మాత్రం ఎక్కడున్నా ఆపేయ్.’’

మామిడి లోడు అప్పటికే వేరే బండిలో నాగపూర్ దారి పట్టింది. రేపు మరో లోడు దొరుకుతుందో లేదో తెలియదు. ఓనరు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. నీలం తిరిగిన పాత బేరింగును మాత్రం తుక్కులో వెయ్యనివ్వలేదు. గుడ్డలో చుట్టి క్యాబిన్‌లో అమ్మవారి పటం కింద పెట్టుకున్నాడు. కొడుక్కి చూపించాలట.

మీ కారుకూ ఇదే సూత్రం

లారీ, కారు అన్న తేడా లేకుండా చక్రం చెప్పే గుర్తులు దాదాపు ఒకటే.

వేగం పెంచే కొద్దీ పెరిగే మూలుగు లాంటి మోత వస్తే, మలుపు తిరిగినప్పుడు ఆ మోత పెరగడమో తగ్గడమో జరిగితే చక్రం బేరింగును చూపించుకోవాలి.

టైరు ఒక అంచు మాత్రమే అరుగుతుంటే టైరు మార్చే ముందు స్టీరింగు కీళ్లు, అలైన్‌మెంటు చూపించాలి. లేదంటే కొత్త టైరూ అలాగే పోతుంది.

తిన్నటి రోడ్డు మీద స్టీరింగును మాటిమాటికీ సర్దాల్సి వస్తున్నా, బండి ఒక పక్కకు లాగుతున్నా, గుంతలో పడ్డప్పుడు ముందు నుంచి ‘టక్’మని వినిపిస్తున్నా వాయిదా వేయకండి.

దూరప్రయాణంలో ఆగినప్పుడు నాలుగు చక్రాల దగ్గరకూ వెళ్లి, చెయ్యి తాకించకుండా దగ్గరగా పెట్టి వేడి గమనించండి. మూడు ఒకలా ఉండి ఒకటి మాత్రం బాగా వేడెక్కితే బేరింగో, బ్రేకో పట్టేస్తోందని అనుమానించాలి. అక్కడితో ప్రయాణం ఆపి మెకానిక్కును పిలవడం మంచిది.

వరదనీటిలో బండి చాలాసేపు నిలబడితే ఇంజను ఒక్కటే కాదు, చక్రాల హబ్బులూ చూపించండి.